డబ్బా మానేసి బొంత మీద పోస్తున్న పిల్లి: ముడి ఎక్కడ పడింది?

ఏళ్ల తరబడి బుద్ధిగా ఇసుక డబ్బాలో మూత్రం పోసి, పైన కప్పెట్టి వచ్చిన పిల్లి ఉన్నట్టుండి మంచం మీది బొంత మీద పోస్తుంది. ఇంకో వారానికి బీరువా పక్క మూల, ఆ తర్వాత విడిచిన బట్టల కుప్ప. ఇంట్లో మొదట వినబడే మాట ఒకటే: "దానికి కక్ష. నిన్న కొట్టినం కదా, అందుకే." నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఈ తీర్పు చెప్పేది పెద్దవాళ్లు, అమలు చేసేది చీపురు.

కన్నం ముందు ఎలుక కోసం గంటసేపు కదలకుండా కూర్చునే ఓపిక పిల్లికి ఉంది. మనిషికి బుద్ధి చెప్పడానికి ఫలానా చోట పోయాలని పథకం వేసే గుణం మాత్రం లేదు. డబ్బా మానేసిందంటే నాలుగింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఒంట్లో బాగాలేదు. లేదా డబ్బా నచ్చడం లేదు. లేదా వేరే చోటు అంతకంటే బాగా నచ్చింది. లేదా అది ఒంటికి పోవడం కానే కాదు, పొలానికి హద్దు రాయి పాతినట్టు ఇంటికి హద్దు పెట్టుకుంటోంది. చిక్కు ఎక్కడంటే, ఇవి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. మూత్రంలో మంటతో మొదలైన సంగతి, మంట తగ్గాక కూడా బొంత అలవాటుగా మిగిలిపోతుంది. అందుకే ఏది ముందు తేల్చుకోవాలి, ఏది తర్వాత అన్న వరస తప్పితే ఎంత శిక్షణ ఇచ్చినా నీళ్లపాలే.

ఇసుకలో పోవడం పిల్లికి ఎవరూ నేర్పింది కాదు. మన ఇళ్లలోని పిల్లుల పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల అడవి పిల్లులు. నీళ్లు తక్కువ దొరికే చోట బతికిన జాతి కాబట్టి మూత్రం బాగా చిక్కగా ఉంటుంది, వాసన కూడా అంతే ఘాటు. వదులుగా ఉన్న మట్టిని గీరి, పని కానిచ్చి, కప్పెట్టే గుణం పుట్టుకతో వస్తుంది. అమెరికాలో కూడా 1947 దాకా ఇళ్లలో పొయ్యి బూడిద, ఇసుకే వాడేవాళ్లు. ఆ ఏడాది మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లోవ్ అనే వ్యాపారి, ఫ్యాక్టరీల్లో నేల మీద ఒలికిన నూనె పీల్చడానికి అమ్మే బంకమట్టి గుళికలను పొరుగావిడకు పిల్లి కోసం ఇచ్చాడు. పిల్లి డబ్బాలో పోసే లిట్టర్ అనే సరుకు అక్కడ పుట్టింది. తడి తగలగానే గడ్డకట్టే బెంటొనైట్ రకం 1980లలో వచ్చింది. ఆ మట్టిని మన దేశంలో కచ్, బాడ్‌మేర్ ప్రాంతాల్లో తవ్వుతారు.

మన వీధి పిల్లులకు ఇవేవీ అక్కర్లేదు. ఇల్లు కడుతున్నవాళ్లు రోడ్డు పక్కన పోయించిన ఇసుక కుప్ప చుట్టుపక్కల పిల్లులన్నిటికీ ఉమ్మడి మరుగుదొడ్డి. స్లాబు పడి, ప్లాస్టరింగ్ అయిపోయి, కుప్ప ఖాళీ కాగానే ఆ వీధిలో ఒకరిద్దరి ఇళ్లలో పిల్లి కొత్తగా "పాడవుతుంది". ఆ కుప్పకూ తమ బొంతకూ సంబంధం ఉందని ఇంట్లోవాళ్లకు తట్టదు.

ముందు డాక్టరు

మగ పిల్లి మాటిమాటికీ డబ్బాలోకి వెళ్లి కూర్చుంటోంది, చుక్క రావడం లేదు, మూలుగుతోంది, మూత్రం వచ్చే చోట నాక్కుంటోంది, ఒక చోట నిలవకుండా సామెతలోని కాలుగాలిన పిల్లిలాగే తిరుగుతోంది అంటే ఇక శిక్షణ గురించి ఆలోచించే సమయం కాదది. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నం. సన్నని స్ఫటికాలు, జిగురు కలిసి అందులో అడ్డం పడితే మూత్రం వెనక్కి తన్ని, ఒంట్లో పొటాషియం పెరిగి, గుండె దెబ్బతింటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం తాగిస్తూ ఒక రోజు పోగొట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ముక్కుతున్న పిల్లి ఏ పని కోసం ముక్కుతోందో చూడగానే తేల్చుకోవడం కష్టమే. కానీ మగ పిల్లి అయితే మూత్రం అనే అనుకుని పరుగెత్తడం మేలు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరం. ఇక్కడి ప్రభుత్వ పశువైద్యశాలలకు రోజూ వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్రెలు, మేకలు. అందుకని పిల్లిని తీసుకెళ్లడానికి కొందరు మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు. పొట్ట తడిమి మూత్రసంచి రాయిలా బిగుసుకుందో లేదో ఏ పశువైద్యుడైనా చెప్పగలడు. సన్నని గొట్టం వేసి అడ్డం తీయాల్సి వచ్చి, ఆ సౌకర్యం అక్కడ లేకపోతే రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికో, దగ్గర్లోని ప్రైవేటు క్లినిక్‌కో వెళ్లాలి. ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరితే దారిలో గంటలు కలిసొస్తాయి.

అడ్డం పడకపోయినా మూత్రసంచి వాచి మంట పుట్టడం ఆడా మగా తేడా లేకుండా వస్తుంది. పరీక్ష చేస్తే చాలాసార్లు సూక్ష్మక్రిములేవీ కనిపించవు. పదేళ్ల లోపు పిల్లుల్లో వచ్చే మూత్ర సమస్యల్లో సగానికి పైగా ఈ రకమేనని పశువైద్యులు అంటారు. దీని వెనక తరచుగా ఉండేది టెన్షన్: ఇల్లు మారడం, ఇంట్లోకి కొత్త కుక్కపిల్ల రావడం, పెళ్లికి ఇల్లంతా చుట్టాలు నిండి వీధిలో రెండు రోజులు డీజే మోగడం. ఇలాంటప్పుడు యాంటీబయాటిక్ వల్ల లాభం ఉండదు. కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, ఇంకో హడావుడికి మళ్లీ వస్తుంది. ఈలోగా జరిగే నష్టం వేరే ఉంది. డబ్బాలో కూర్చున్న ప్రతిసారీ మంట పుట్టింది కాబట్టి పిల్లి లెక్కలో తప్పు డబ్బాది. మంట లేని చోటు వెతుక్కుంటూ పోతే మెత్తటి బొంత దొరుకుతుంది. నొప్పి పోయాక కూడా అది డబ్బా వంక చూడదు. ఎదిగిన పిల్లికి మళ్లీ నేర్పాల్సిన అవసరం చాలావరకు ఇలాగే పుడుతుంది.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దగ్గర పిల్లి అంటే పాలన్నం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, డబ్బా దాకా వెళ్లే లోపే పనైపోతుంది. ఉత్త అన్నం మీద బతికే పిల్లికి కావలసిన మాంసకృత్తులు అందవు. బస్తాలో వచ్చే పొడి గుళికలే పెడితే, మే నెలలో 44 డిగ్రీలు దాటే మన ఎండల్లో అది తాగే నీళ్లు చాలక మూత్రం ఇంకా చిక్కబడుతుంది. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్‌నో చేపనో ఆ ఉడికిన నీళ్లతో సహా కలిపి పెడితే నీళ్లు తిండితోనే లోపలికి పోతాయి. ఒక హెచ్చరిక: నొప్పిగా ఉందని పారాసిటమాల్ మాత్ర వేయకండి. మనుషులకు మామూలైన ఆ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు.

వయసు మళ్లిన పిల్లుల్లో కిడ్నీ జబ్బు, షుగర్, థైరాయిడ్ వల్ల మూత్రం ఎక్కువై డబ్బా తొందరగా తడిసిపోతుంది. కీళ్లు పట్టేసిన పిల్లికి ఎత్తు అంచు దాటడమే కష్టం. అలాంటిదానికి ఒక వైపు అంచు కోసేసిన టబ్బు ఏ మందు కన్నా ముందు పని చేస్తుంది.

నిలబడి చిమ్మితే కథ వేరు

కూర్చుని నేల మీద పోస్తోందా, నిలబడి గోడకు చిమ్ముతోందా అన్నది ఒక్కసారి కళ్లారా చూస్తే సగం అనుమానం తీరుతుంది. తోక నిటారుగా లేపి, దాని చివర వణికిస్తూ దర్వాజకో, కూలర్‌కో, బీరువా తలుపుకో వెనక్కి కొద్దిగా చిమ్మిందంటే అది తన హద్దుకు గుర్తు వేయడం. ఇలాంటి పిల్లి మామూలు పనికి డబ్బానే వాడుతుంటుంది. దీనికి డబ్బా మార్చి లాభం లేదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించాలి. ఐదారు నెలల వయసులోనే చేయిస్తే చాలా పిల్లులు ఈ అలవాటే పట్టవు. పెద్దయ్యాక చేయించినా ఎక్కువ మగ పిల్లులు మానేస్తాయి. ఆపరేషన్ తర్వాత కూడా మగవాటిలో పదింట ఒకటి, ఆడవాటిలో ఇరవైంట ఒకటి చిమ్ముతూనే ఉంటాయని 1980లలో అమెరికాలో చేసిన పరిశీలనలో తేలింది. ఆ మిగిలినవాటి విషయంలో కిటికీ వైపు చూడండి. పిట్టగోడ మీద రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే పక్కింటి గండుపిల్లి మీ పిల్లికి కనబడకుండా కిందిభాగం అట్టతో మూసేస్తే చాలాసార్లు ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే పశువైద్యులు టెన్షన్ తగ్గించే మందులు రాస్తారు, మనంతట మనం వాడేవి కావు అవి.

డబ్బాలో ఏముంది, డబ్బా ఎక్కడుంది

జబ్బు లేదని తేలింది, చిమ్మడం కాదని తేలింది. ఇక డబ్బాను పిల్లి వైపు నుంచి చూడాలి. షాపుల్లో అమ్మే డబ్బాలు చాలావరకు చిన్నవి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. సిమెంటు మోసే తట్ట చాలదు. బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు, తక్కువ ధరకు దొరికేది, ఇంపోర్టెడ్ డబ్బా కన్నా మేలు. పైన మూత ఉన్నవి మన ముక్కు కోసం చేసినవి. లోపల వాసన నిలిచిపోయే ఆ గూట్లోకి పిల్లి ఎందుకు దూరాలి? మల్లెల వాసన వేసిన లిట్టర్ మీద కూడా నా అభిప్రాయం ఇదే. కొనేది మనిషి కాబట్టి మనిషి ముక్కుకే అమ్ముతున్నారు.

ఇసుక విషయంలో మన ప్రాంతం వాళ్లకు ఇబ్బంది లేదు. వాగు ఇసుక జల్లెడ పట్టి, ఎండబెట్టి వాడితే చక్కగా పనిచేస్తుంది, కాకపోతే గడ్డకట్టదు కాబట్టి రెండు మూడు రోజులకోసారి మొత్తం మార్చాలి. ఇప్పుడు కట్టడాలకు ఎక్కువగా వస్తున్న రోబో సాండ్ గరుకుగా ఉండి పాదాలకు గుచ్చుకుంటుంది, దుమ్ము కూడా ఎక్కువ. మిర్యాలగూడ వైపు మిల్లుల దగ్గర ఊక ఊరికే వస్తుంది గానీ అది తడి పీల్చదు. ఊక బూడిద మరీ దండగ, ఫ్యాన్ వేస్తే ఇల్లంతా అదే. వడ్రంగి దగ్గరి రంపపు పొట్టు తడి బాగానే పీలుస్తుంది, కానీ కాళ్లకు అంటుకుని వంటింటి దాకా వస్తుంది. ఏది వాడినా రెండు మూడు అంగుళాల మందం ఉండాలి, గీరడానికి ఏమీ లేని డబ్బా డబ్బా కాదు. ఏది నచ్చుతుందో పిల్లినే అడగొచ్చు: రెండు టబ్బులు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో వాగు ఇసుక, ఒకదాంట్లో గడ్డకట్టే లిట్టర్ పోయండి. వారం తిరిగేసరికి జవాబు తవ్వి చూపిస్తుంది.

ఊళ్లో పెరటి మట్టిలో పెరిగి, పిల్లల చదువుల కోసం టౌన్‌కు మారిన కుటుంబంతో పాటు రెండో అంతస్తు కిరాయి పోర్షన్‌కు వచ్చిన పిల్లి సంగతి వేరు. అది డబ్బా మర్చిపోలేదు, డబ్బా అంటే ఏమిటో ఎప్పుడూ చూడలేదు. దానికి కచ్ మట్టి గుళికలు పరాయివి. మొదట ఊరి నుంచి ఓ సంచి ఎర్రమట్టి తెచ్చి టబ్బు నింపండి. అది అందులో పోవడం మొదలుపెట్టాక ప్రతి కొన్ని రోజులకు పావు వంతు చొప్పున మట్టి తగ్గించి లిట్టర్ కలుపుతూ పోవాలి. తొందరపడి ఒకేసారి మారిస్తే మళ్లీ బాత్రూం జాలీ దగ్గరికే వెళుతుంది.

చోటు కూడా అంతే ముఖ్యం. వాషింగ్ మెషిన్ పక్కన పెట్టిన డబ్బాలో పిల్లి కూర్చున్నప్పుడు డ్రమ్ము గిర్రున తిరిగి అదిరిందంటే, ఆ డబ్బాకు అదే చివరి రోజు. అన్నం గిన్నె పక్కన వద్దు, నలుగురూ నడిచే దర్వాజ దగ్గర వద్దు. పారిపోవడానికి రెండు వైపులా దారి ఉండాలి. పిల్లులు ఎన్ని ఉంటే అన్ని డబ్బాలు, పైన ఇంకొకటి అన్నది పశువైద్యులు చెప్పే లెక్క. రెండు పిల్లులున్న ఇంట్లో మూడు డబ్బాలూ ఒకే మూల వరసగా పెడితే పిల్లి దృష్టిలో అది ఒక్కటే. ఇంట్లో పెత్తనం చేసే పిల్లి ఆ మూలకు కాపలా కాస్తే రెండోదానికి బొంత తప్ప దిక్కు లేదు.

కడగడం దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు

పిల్లి మూత్రంలోని యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్లకు సరిగా కరగవు. ఆరిపోయాక మన ముక్కుకు ఏమీ తెలియదు, కానీ ముసురు పట్టి గాలిలో తేమ పెరగగానే వాసన మళ్లీ లేస్తుంది. పిల్లికైతే ఎండాకాలంలోనూ తెలుస్తూనే ఉంటుంది, ఇది పోసే చోటే అని గుర్తు చేస్తూనే ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు తడిగుడ్డ పెట్టినా అదే మూలకు వస్తుంది.

మన ఇళ్లలో దీనికి వెంటనే తీసేది ఫినాయిల్. దాన్ని ఆపండి. నల్ల ఫినాయిల్‌లోని ఫినాల్ జాతి రసాయనాలను, తెల్ల ఫినాయిల్‌లో కలిసే పైన్ నూనెను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పారాసిటమాల్ విషమయ్యేది కూడా ఈ లోపం వల్లే. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే లోపలికి పోతుంది. బ్లీచింగ్ పౌడర్ మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటైన విషవాయువు వస్తుంది, అది మనకూ ప్రమాదమే.

ఇంటర్నెట్‌లో అందరూ వెనిగర్ అంటారు. ఆ సలహా మన ఇళ్లకు కుదరదు. మన దగ్గర పాత ఇళ్ల నేలలు చాలావరకు తాండూరు బండలో, షాబాద్ బండలో. రెండూ సున్నపురాయే. బాత్రూం యాసిడ్ పడితే బుసబుసా నురగ వచ్చి పైపొర తినేస్తుంది, వెనిగర్, నిమ్మరసం అదే పని నెమ్మదిగా చేస్తాయి. పాలిష్ పోయి గరుకైన బండ తర్వాతిసారి మూత్రాన్ని ఇంకా ఎక్కువ పీలుస్తుంది. వాసన పోగొట్టబోయి వాసనకు ఇల్లు కట్టిచ్చినట్టవుతుంది.

పని చేసేది మరకను విరిచేసే ఎంజైమ్. పెంపుడు జంతువుల కోసమే అమ్మే ఎంజైమ్ క్లీనర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే, ప్యాకెట్ మీద ఎంజైములున్నాయని రాసిన బట్టల పొడిని ఒక వంతుకు తొమ్మిది వంతుల గోరువెచ్చని నీళ్లలో కలిపి కడగండి. మరిగే నీళ్లు పోస్తే ఎంజైములే చచ్చిపోతాయి. తర్వాత మంచి నీళ్లతో తుడిచి, ఆరాక మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో ఒకసారి రుద్దాలి. అంతకుముందు ఫినాయిల్ వాడి ఉంటే దాన్ని పూర్తిగా కడిగేశాకే ఇది మొదలుపెట్టాలి, లేకపోతే అది ఎంజైములను పనిచేయనివ్వదు. బండల మధ్య సందుల్లో సిమెంటు ఊడిపోయి ఉంటే మూత్రం కిందికి దిగుతుంది, ఆ సందు గీరి మళ్లీ నింపించక తప్పదు. ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే దొంగనోట్లు చూసే చిన్న అల్ట్రావయలెట్ టార్చి తెచ్చి రాత్రి లైట్లార్పి వెతకండి, మూత్రం పడ్డ చోటు మెరుస్తుంది. పరుపు లోపలి దూదిదాకా దిగితే మాత్రం ఎండకు వేసి లాభం లేదు, ఆ దూది తీసేయడమే.

మళ్లీ అలవాటు చేయడం

ఇవన్నీ అయ్యాక మిగిలేదే అసలు శిక్షణ, నిజానికి అది తేలిక. ఒక చిన్న గది చాలు: స్టోర్ రూమో, జాలీ కొట్టిన బాల్కనీనో. ఎప్పుడూ తడిగా ఉండే బాత్రూం వద్దు. ఒక మూల టబ్బు, ఎదుటి మూల పడక, తిండి, నీళ్లు. పరుచుకోవడానికి మెత్తనివేవీ ఉంచొద్దు. తిండి వేళకు పెట్టి తీసేస్తే పోయే వేళ కూడా కుదురుకుంటుంది. తిన్నాక, నిద్ర లేచాక టబ్బు దగ్గరికి తీసుకెళ్లి వదిలేయండి. పట్టుకుని కాళ్లతో గీరించొద్దు, కంగారుపడుతుంది. సరిగా పోయిన వెంటనే చిన్న చికెన్ ముక్క. ఆ గది దానికి జైలు కాకుండా రోజుకు నాలుగైదుసార్లు వెళ్లి దగ్గర కూర్చోవాలి.

కొద్ది రోజులు ఒక్క పొరపాటూ లేకుండా గడిస్తే పక్క గది తలుపు తెరవండి, మీరు ఎదురుగా ఉన్నప్పుడే. ఆ తర్వాత ఇంకో గది. తప్పు చోట పోసే అలవాటు ఈమధ్యదే అయితే రెండు నుంచి నాలుగు వారాల్లో దారికొస్తుంది, నెలల తరబడి పాతుకుపోయిందైతే నెలలే పట్టొచ్చు. అది ఎంచుకున్న పాత మూలలో ఇప్పుడు దాని అన్నం గిన్నె పెట్టండి, తినే చోట పిల్లి పోయదు. గిన్నె పెట్టలేని చోట అల్యూమినియం ఫాయిల్ పరిస్తే ఆ చప్పుడుకే దగ్గరికి రాదు.

పత్తి ఏరాక అమ్మేదాకా ఇంట్లోనే ఒక గదిలో పోసే కుటుంబాలు నల్లగొండ జిల్లాలో చాలా. పిల్లికి ఆ కుప్ప స్వర్గం. మెత్తగా ఉంటుంది, తవ్వుకోవచ్చు, తడి వెంటనే పీలుస్తుంది. ఒక సీజన్ అందులో పోసిన పిల్లికి పాదాల కింద మెత్తదనమే గుర్తు. అలాంటిదాని టబ్బులో మొదట ఒక పాత నూలు గుడ్డ పరిచి, పైన పిడికెడు లిట్టర్ చల్లండి. గుడ్డ మీద పోస్తుంది. రోజురోజుకు లిట్టర్ పెంచుతూ గుడ్డ చిన్నది చేస్తూ పోతే చివరికి గుడ్డ లేకున్నా పోస్తుంది. పత్తి గది తలుపు మాత్రం గడియ పెట్టే ఉంచాలి, నియ్యత్‌గా ఉంటుందని నమ్మి తీసి పెట్టొద్దు.

తప్పు చోట పోస్తుండగా కనబడితే చప్పట్లు కొట్టకుండా, అరవకుండా మెల్లగా ఎత్తి టబ్బులో దించండి. ఆరిన మరక దగ్గరికి లాక్కెళ్లి ముక్కు రుద్దితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, ఈ మనిషి కనబడితే పారిపోవాలని. ఆ తర్వాత అది మీ ముందు టబ్బులో కూడా పోయదు, మంచం కింద పోస్తుంది.

టబ్బులోంచి రోజూ తీసేయడం పిల్లికే కాదు, ఇంటికీ అవసరం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వచ్చినా, ఒక రోజు దాటాక గానీ అంటుకునే స్థితికి రాదు. గర్భంతో ఉన్నవాళ్లు ఆ పని ఇంకెవరికైనా అప్పగించాలి. తప్పనిసరైతే చేతులకు తొడుగు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

పల్లెలో పెరడున్న ఇంటివాళ్లకు ఇంత తతంగం అక్కర్లేదనిపించవచ్చు, చాలావరకు నిజమే. పెరట్లో ఒక మూల రెండడుగుల గుంత తీసి ఇసుక నింపితే పిల్లి అక్కడికే పోతుంది. వాళ్లకు చిక్కు వచ్చేది వానలప్పుడు. గుంత బురదైపోయి, పిల్లి గడప దాటకుండా ఇంట్లోనే మూల వెతుక్కుంటుంది. జూన్ రాకముందే వరండాలో రేకుల కింద ఒక టబ్బు పెట్టి, ఆ గుంతలోని ఇసుకే కాస్త తెచ్చి పైన చల్లి ఉంచితే, మొదటి వానకు అది ఎక్కడికి పోవాలో వెతుక్కోదు.